కొరియా క్రీముల్లో నిజంగా పనిచేసేది ఏది?

కొరియా చర్మ సంరక్షణ ఉత్పత్తుల సీసాల మీద ముందువైపు పెద్ద అంకెలు కనిపిస్తాయి. నత్త స్రావం 96 శాతం అని ఒకదాని మీద, హార్ట్‌లీఫ్ అనే మొక్క సారం 77 శాతం అని ఇంకొకదాని మీద, బియ్యం సారం 30 శాతం అని మరొకదాని మీద ఉంటుంది. ఆ దేశపు ఆహార, ఔషధ భద్రతా మంత్రిత్వ శాఖ నిబంధనల్లో ఉండే అంకెలు వీటి పక్కన చాలా చిన్నవి: నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ఆర్బ్యుటిన్ 2 నుంచి 5 శాతం, ఆల్ఫా బిసబొలాల్ 0.5 శాతం, అడినోసిన్ అయితే 0.04 శాతమే. కొనేవారి చూపు మొదటి రకం అంకెల మీద పడుతుంది. చర్మంలో ఫలానా మార్పు తెస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నది రెండో రకానికి. 2024లో కొరియా సౌందర్య సాధనాల ఎగుమతులు మొదటిసారి 1,000 కోట్ల డాలర్లు దాటాయి. ఆ పేరుప్రతిష్ఠల్లో నత్తలకూ మూలికలకూ దక్కుతున్న వాటా చాలా ఎక్కువని, తేమను నిలిపే మామూలు పదార్థాలకూ, హాయిగా రాసుకోగలిగే సన్‌స్క్రీన్‌లకూ, చర్మాన్ని నొప్పించకూడదన్న పద్ధతికీ దక్కవలసినంత దక్కడం లేదని సీసాల మీది పదార్థాల జాబితాలు చదివితే తెలుస్తుంది.

కొరియా సౌందర్య సాధనాల చట్టం 1999లో తయారై 2000లో అమల్లోకి వచ్చింది. మందుకూ మామూలు క్రీముకూ నడుమ అది ఒక కొత్త తరగతిని ఏర్పరచింది. 'ఫంక్షనల్' సౌందర్య సాధనాలనే ఈ తరగతిలో మొదట మూడు పనులే ఉండేవి: చర్మంలోని నల్లదనాన్ని, మచ్చలను తగ్గించడం, ముడతలను తగ్గించడం, అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడటం. 2017లో జుట్టు రంగులు, జుట్టు రాలడాన్ని తగ్గించేవి, మొటిమల చర్మానికి వాడే క్లెన్సర్లు వంటివి దీనిలోకి వచ్చాయి. తమ క్రీము ఈ పనుల్లో ఏదైనా చేస్తుందని చెప్పుకోదలచిన కంపెనీ అందుకు రుజువు చూపాలి. అయితే మంత్రిత్వ శాఖ ముందే ప్రకటించిన పదార్థాన్ని, ప్రకటించిన మోతాదులో వాడితే సామర్థ్యాన్ని మళ్లీ మొదటి నుంచి నిరూపించనక్కర్లేదు. కొరియా క్రీముల స్వరూపాన్ని ఏ మూలికా నిర్ణయించనంతగా ఈ వెసులుబాటు నిర్ణయించింది. పేరుకు జిన్సెంగ్ క్రీము కావచ్చు, తేనె క్రీము కావచ్చు. పదార్థాల జాబితాను చివరిదాకా చదివితే మచ్చలకు నియాసినమైడ్, ముడతలకు అడినోసిన్ అనే జంట అందులో ఉండటం సర్వసాధారణం. మచ్చలు, ముడతలు రెండింటికీ పనిచేస్తుందన్న అధికారిక హక్కు ఆ జంట వల్లనే వస్తుంది, జిన్సెంగ్ వల్ల కాదు.

ఈ జంటలో నియాసినమైడ్ బి3 విటమిన్ రూపం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను కొన్ని ప్రత్యేక కణాలు తయారుచేసి, చిన్న పొట్లాల్లాంటి సంచుల్లో చుట్టుపక్కల కణాలకు అందిస్తాయి. నియాసినమైడ్ ఆ తయారీని ఆపదు, అందజేతను మందగింపజేస్తుంది; అందుకే దాని ఫలితం వారాల తరబడి నెమ్మదిగా కనబడుతుంది, ఆపేస్తే నెమ్మదిగానే పోతుంది. ముడతలకు వాడే ఎ విటమిన్ రూపమైన రెటినాల్ విషయంలోనూ ఇదే తీరు. కొరియా ప్రకటించిన మోతాదు గ్రాముకు 2,500 అంతర్జాతీయ యూనిట్లు, అంటే దాదాపు 0.075 శాతం. పాశ్చాత్య మార్కెట్లలో 0.3 నుంచి 1 శాతం దాకా ఉండే సీరంలు పోటీపడి అమ్ముడవుతుంటాయి. ముఖం ఎర్రబడి పొట్టు రేగేలా కొద్దివారాలు వాడటం కన్నా ఏ ఇబ్బందీ లేని మోతాదును ఏళ్ల తరబడి వాడటం మేలన్న ఆలోచన ఈ నిబంధనల్లోనే ఉంది.

జాబితా చదవడంలో ఒక మెళకువ ఉంది. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువ మోతాదుకు వరుసగా రాయాలన్నది నియమమే అయినా, 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయవచ్చు. దీనివల్ల రెండు రకాల అపోహలు పుడతాయి. అడినోసిన్ జాబితా అడుగున ఉందని అది వ్యర్థం అనుకోకూడదు, దానికి కావలసిందే 0.04 శాతం. అదే జాబితా మధ్యలో పది పూల సారాలు వరుసగా కనిపించినంత మాత్రాన అవి దండిగా ఉన్నాయనీ కాదు. క్రీము చెడిపోకుండా వాడే ఫినాక్సీఇథనాల్‌ను 1 శాతానికి మించి వాడకూడదు కాబట్టి, దాని తర్వాత వచ్చేవన్నీ 1 శాతానికి మించవని సాధారణంగా ఊహించవచ్చు.

ఇక 77, 96 వంటి అంకెల సంగతి. మామూలు టోనర్‌లో నీరు ఎంత ఉంటుందో, ఈ సీసాల్లో ఆకు సారం అంత ఉంటుంది, ఎందుకంటే ఆ సారమే నీటి స్థానంలో వాడిన ద్రవం. ఎంత ఆకును ఎంత నీటిలో నానబెట్టి ఆ సారం తీశారో సీసా చెప్పదు. గుప్పెడు ఆకులతో తీసినా, నాలుగు ఆకులతో తీసినా శాతం మాత్రం 77గానే రాయవచ్చు. అబద్ధం కాదు గాని, కొనేవారు అర్థం చేసుకునే నిజమూ కాదు. నత్త స్రావం విషయం కూడా ఇంచుమించు ఇదే. నత్తల పెంపకం నుంచి చర్మానికి రాసే స్రావం దాకా ఈ వ్యాపారం చిలీలో ముందే ఉంది. కొరియా దాన్ని అందిపుచ్చుకుని, జిగట లేని, వాసన లేని రూపానికి తెచ్చి ప్రపంచానికి అమ్మింది. ఆ స్రావంలో గ్లైకోప్రోటీన్లు, అల్లాంటాయిన్, కొద్దిపాటి గ్లైకోలిక్ ఆమ్లం వంటివి ఉన్న మాట నిజమే గాని అందులో అత్యధిక భాగం నీరే. బాగా పేరు పొందిన కాస్‌ఆర్‌ఎక్స్ ఎసెన్స్ జాబితా చూస్తే నత్త స్రావం తర్వాత బీటైన్, బ్యుటిలీన్ గ్లైకాల్, సోడియం హయలురోనేట్, పాంథినాల్, అల్లాంటాయిన్ కనబడతాయి. ఇవన్నీ తేమను పట్టి ఉంచి, చికాకును తగ్గించే నమ్మకమైన పదార్థాలు. ఆ ఎసెన్స్ రాసుకున్నాక చర్మం మెత్తబడితే అందులో నత్త వాటా ఎంత, ఈ మామూలు పదార్థాల వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. వీటి చౌకదనం వల్లనే వీటికి ప్రచారం లేదు.

మూలికల్లో అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది సెంటెల్లా ఏషియాటికాకు. తెలుగు నేల మీద చెరువు గట్ల పక్కన, తడి ఉండే చోట్ల పాకే సరస్వతి ఆకు ఇదే. 'సికా' పేరుతో కొరియా క్రీములన్నిటిలో ఇది కనబడటం చూసి, ఇదేదో పూర్వం కొరియాను ఏలిన జోసన్ రాజుల కాలం నాటి రహస్యమని చాలామంది అనుకుంటారు. దాని అసలు దారి వేరు. 1940ల తొలినాళ్లలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు మడగాస్కర్ మొక్క నుంచి ఏషియాటికోసైడ్ అనే పదార్థాన్ని వేరుచేశారు. గాయాలు మానడానికి, మచ్చ పడకుండా ఉండటానికి వాడే మాడెకాసాల్ అనే లేపనం ఆ కుదురు నుంచే వచ్చింది. కొరియాలో డాంగ్‌కుక్ ఫార్మా దాన్ని 1970ల నుంచి మందుల దుకాణాల్లో అమ్ముతూ వచ్చింది. మోకాలు గీసుకుపోయిన పిల్లలకు తల్లులు రాసే లేపనంగా ఆ పేరు రెండు తరాల కొరియన్లకు తెలుసు. అదే కంపెనీ 2015లో సెంటెల్లియన్24 అనే పేరుతో క్రీముల వ్యాపారంలోకి దిగింది. అంటే సికా వెనక ఉన్నది ప్రాచీన వైద్య గ్రంథాలకన్నా ఎక్కువగా మందుల దుకాణం మీది నమ్మకం. ఈ చరిత్ర తెలిస్తే ఏ సీసా కొనాలో కూడా కొంత తెలుస్తుంది. జాబితాలో ఉత్త సెంటెల్లా సారం అని ఉంటే మోతాదు తెలియదు. మాడెకాసోసైడ్, ఏషియాటికోసైడ్, ఏషియాటిక్ ఆమ్లం, మాడెకాసిక్ ఆమ్లం అని శుద్ధి చేసిన నాలుగు పదార్థాల పేర్లు విడిగా ఉంటే, తయారీదారు వేరుచేసిన సరుకు కొని వేశాడని అర్థం. రెండో రకమే మెరుగైన సూచన.

మిగతా మూలికల్లో కొన్ని తెలుగువారికి కొత్తవేమీ కావు. కొరియాలో 'సుక్' అనే మొక్క వినాయక చవితి నాడు పత్రిలో వాడే మాచిపత్రికి దగ్గరి బంధువు, రెండూ ఆర్టిమీషియా ప్రజాతికి చెందినవే. జోసన్ కాలంలో ముఖం కడుక్కోవడానికి పెసల పిండి వాడేవారు. పండగ నాటి తలంటుకు సున్నిపిండి కలిపే ఇళ్లకు దాని సంగతి వివరించనక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్లతో ముఖం కడుక్కోవడమూ అంతే. నురుగు లేకుండా మురికిని పట్టి తీసే ఈ పాత పద్ధతుల్లో మేలు ఉండవచ్చు గాని, అదే బియ్యం పేరు సన్‌స్క్రీన్ మీద రాసినప్పుడు ఎండను ఆపేది బియ్యం కాదు, అందులోని రసాయన వడపోతలు.

సంప్రదాయాన్ని సరుకుగా మార్చడంలో కొరియా కంపెనీలకు చాలా కాలపు అనుభవం ఉంది. నేటి అమోర్‌పసిఫిక్ మూలం 1930ల్లో కేసాంగ్ పట్టణంలో యున్ డాక్‌జాంగ్ అనే మహిళ ఇంట్లో తీసి అమ్మిన కమేలియా గింజల తలనూనె. ఆమె కొడుకు సో సంగ్‌హ్వాన్ 1945లో కంపెనీ స్థాపించాడు. కేసాంగ్ జిన్సెంగ్ వ్యాపారానికి కేంద్రం, ఇప్పుడు ఉత్తర కొరియాలో ఉంది. 1966లో ఆ కంపెనీ జిన్సెంగ్‌తో క్రీము తెచ్చింది, 1997లో సల్‌హ్వాసూ పేరుతో మూలికల క్రీములను ఖరీదైన వర్గానికి చేర్చింది. జిన్సెంగ్‌లోని సాపోనిన్లనే పదార్థాల మీద పరిశోధన జరుగుతున్న మాట నిజమే. ఆ క్రీము ధరలో పరిశోధన వాటా ఎంత, వారసత్వపు గౌరవం వాటా ఎంత అని అడిగితే, పింగాణీలాంటి ఆ సీసా బరువు చూసి జవాబు ఊహించుకోవచ్చు.

తత్త్వం అన్న పెద్దమాట వాడదగింది ఈ పదార్థాల దగ్గర కాదు, వాటిని వాడే తీరు దగ్గర. అక్కడి వాతావరణం తెలిస్తే ఆ తీరు అర్థమవుతుంది. సోల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకన్నా 2 డిగ్రీలు తక్కువ. సైబీరియా వైపు నుంచి వచ్చే పొడిగాలి బయట, నేల కింద నుంచి వెచ్చబెట్టే 'ఓందోల్' గదుల పొడి వేడి లోపల. వేసవిలో మళ్లీ ఎడతెగని వానలు, ఉక్కపోత. ఇలాంటి చోట ఒకే చిక్కటి క్రీము ఏడాది పొడవునా పనికిరాదు. పలచటి ద్రవాలను పొరలు పొరలుగా వేసుకుంటే, కాలాన్ని బట్టి ఒక పొర కలపవచ్చు, ఒకటి తీసేయవచ్చు. నీళ్లలా ఉండే టోనర్, కాస్త చిక్కనైన ఎసెన్స్, పాలలాంటి లోషన్, పైన క్రీము అన్న వరుస అలా నిలబడింది.

ఈ అలవాటుకు ఆధునిక చర్మశాస్త్రం కూడా తోడు వచ్చింది. చర్మపు అన్నిటికన్నా పై పొరలో మృతకణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నంలా ఉంటాయని అమెరికా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ 1980ల్లో వివరించాడు. ఆ కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లు, మిగిలినవి ప్రధానంగా కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఈ గోడ దెబ్బతింటే లోపలి తేమ ఆవిరవుతుంది, బయటి చికాకు లోపలికి వస్తుంది. మంట, మొటిమలు, మచ్చలు ఆ తర్వాతి సంగతులు. కొరియాలో పిల్లల తామరకు (ఎగ్జిమాకు) క్రీములు చేసే కంపెనీలు ఈ విషయాన్ని తొందరగా పట్టుకున్నాయి. నియోఫార్మ్ అనే కంపెనీ చర్మపు కొవ్వుల అమరికను పోలిన పొరలతో ఏటోపామ్ క్రీమును తయారుచేసింది. సబ్బుతో ముఖం బిగుసుకుపోయేలా రుద్దడం శుభ్రత కాదన్న మాట, చర్మానికి సహజంగా ఉండే స్వల్ప ఆమ్లత్వానికి దగ్గరగా 5 చుట్టూ పీహెచ్ ఉండే క్లెన్సర్లు వాడాలన్న మాట జనంలోకి వెళ్లాయి. జబ్బు వచ్చాక మందు వేయడం కన్నా గోడను పడకుండా చూసుకోవడం ముందు పని అన్నదే ఈ ధోరణి సారాంశం. కొరియా ప్రపంచానికి ఇచ్చిన వాటిలో ఇదే విలువైనది, దీనికి ఏ సీసా కొననక్కర్లేదు కూడా.

ముఖానికి వరుసగా పది రకాలు వాడాలన్న పది అంచెల పద్ధతి మాత్రం అపార్థాల్లో మొదటిది. 2010ల్లో అమెరికాలో కొరియా ఉత్పత్తులు అమ్మినవారు, అక్కడి పత్రికలు ఆ లెక్కను ప్రచారం చేశారు. కొరియాలో అన్ని అంచెలూ ఉన్న మాట నిజమే గాని, రోజూ రెండుపూటలా పదీ చేయాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. 2018 నాటికి అక్కడే వాడేవాటి సంఖ్య తగ్గించుకునే 'స్కిప్ కేర్' ఊపందుకుంది. ఒకే రకమైన పదార్థాలున్న టోనర్, ఎసెన్స్, సీరం, ఆంపూల్ నాలుగూ కొంటే చర్మానికి నాలుగు రెట్ల మేలు జరగదు. చర్మం వికటించినప్పుడు ఏది కారణమో తేల్చుకోవడం మాత్రం నాలుగు రెట్లు కష్టమవుతుంది.

సోల్‌లోని చర్మవైద్యుల క్లినిక్‌లకూ ఈ పరిశ్రమకూ ఉన్న లంకెను తరచుగా విస్మరిస్తారు. గంగ్నమ్ ప్రాంతంలో లేజర్, సూది చికిత్సలు మామూలు విషయాలు, వాటి తర్వాత ఎర్రబడిన ముఖానికి ఏదో ఒకటి కావాలి. జర్మనీ వైద్యురాలు క్రిస్టీన్ ష్రామెక్ 1960ల్లో చికిత్స తర్వాత రాయడానికి చేసిన లేపనమే కొరియాలో బీబీ క్రీముగా మారి ప్రపంచాన్ని చుట్టింది. ఇప్పుడు అదే దారిలో వస్తున్నది పీడీఆర్‌ఎన్. సాల్మన్ చేప నుంచి తీసిన డీఎన్‌ఏ ముక్కలివి. రెజురాన్ వంటి సూదిమందుల్లో ఈ కోవకు చెందిన పదార్థాలనే చర్మం లోపలికి ఎక్కిస్తారు. క్లినిక్‌లో సంపాదించిన ఆ పేరుతో సీరంలు, షీట్ మాస్కులు వెల్లువెత్తాయి. ఇక్కడే సందేహించవలసిన చోటు. 500 డాల్టన్ల కన్నా బరువైన అణువులు మంచి స్థితిలో ఉన్న చర్మం గుండా లోపలికి పోవడం చాలా కష్టమని చర్మశాస్త్రంలో పాత సూత్రం ఒకటి ఉంది. నియాసినమైడ్ అణువు బరువు 122. పీడీఆర్‌ఎన్ ముక్కలు వేల నుంచి లక్షల డాల్టన్ల దాకా తూగుతాయి. సూదితో లోపలికి వెళ్లినప్పుడు వచ్చిన ఫలితాన్ని పైన రాసే సీరంకు ఆపాదించడం సూదిని మరచిపోవడమే. పైన నిలిచి తేమను పట్టుకోవడం వరకు అది చేయగలదు, ఆ పని హయలురానిక్ ఆమ్లం ఎంతో తక్కువ ధరకు చేస్తుంది.

కొరియా సన్‌స్క్రీన్‌లకు వచ్చిన పేరుకు గట్టి కారణమే ఉంది. అమెరికాలో సన్‌స్క్రీన్ మందుల చట్టం కిందికి వస్తుంది, కొత్త వడపోతలకు అనుమతి దొరకడం అక్కడ దశాబ్దాల వ్యవహారం. కొరియాలో అది ఫంక్షనల్ సౌందర్య సాధనం కాబట్టి ఐరోపాలో వాడే కొత్తతరం వడపోతలు తొందరగా వచ్చాయి, వాటివల్ల తెల్లటి పూత, జిడ్డు లేని పలచటి క్రీములు సాధ్యమయ్యాయి. బావున్న సన్‌స్క్రీన్‌నే జనం సరిపడా రాసుకుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ విభాగంలోనే పెద్ద దెబ్బ కూడా తగిలింది. ఎస్‌పీఎఫ్ 50 పైమాటే అని రాసిన ప్యూరిటో సన్‌స్క్రీన్ ఐరోపా ప్రయోగశాలల పరీక్షల్లో 19 దగ్గర ఆగిందని 2020 డిసెంబరులో బయటపడింది, కంపెనీ అమ్మకాలు ఆపేసింది. ఎస్‌పీఎఫ్ 50 ఉంటే కందజేసే కిరణాల్లో యాభయ్యో వంతు లోపలికి పోతాయి, 19 ఉంటే పంతొమ్మిదో వంతు. అంటే రెండున్నర రెట్లకు పైగా తేడా. కొరియాలో చాలా బ్రాండ్లకు సొంత ఫ్యాక్టరీలు ఉండవు. కాస్మాక్స్, కోల్మార్ కొరియా వంటి సంస్థలు తయారీ సూత్రం నుంచి సీసా దాకా తయారుచేసి ఇస్తాయి. ఆలోచన పుట్టిన కొద్ది నెలలకే సరుకు మార్కెట్లోకి రావడానికి ఈ ఏర్పాటే కారణం. ఒక సూత్రంలో లోపముంటే అది పలు పేర్లతో పలు సీసాల్లోకి పాకే ప్రమాదమూ దీనిలోనే ఉంది.

ఈ పద్ధతులను తెలుగు ప్రాంతాలకు తెచ్చుకునేటప్పుడు వాతావరణాన్ని మరవకూడదు. విజయవాడ, కాకినాడ వంటి చోట్ల గాలిలోనే తేమ దండిగా ఉంటుంది, చర్మం చెమటతో తడిసి ఉంటుంది. అక్కడ సోల్ చలికాలపు నాలుగు పొరలు వేస్తే రంధ్రాలు మూసుకుపోయి మొటిమలు వచ్చే అవకాశమే ఎక్కువ. పలచటి జెల్, పైన సన్‌స్క్రీన్ చాలు. రోజంతా ఏసీ గదుల్లో ఉండే హైదరాబాద్ ఉద్యోగులకు ఒక తేమ పొర అదనంగా పనికొస్తుంది. న్యూజెర్సీలో, చికాగోలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం శీతాకాలంలో కొరియా పొరల పద్ధతి ఉన్నదున్నట్లుగా సరిపోతుంది, ఎందుకంటే బయట చలి, లోపల హీటరు అన్న పరిస్థితి అచ్చంగా అదే. దిగుమతి సరుకు కొనేటప్పుడు భారతదేశపు రిజిస్ట్రేషన్ సంఖ్య, దిగుమతిదారు పేరు చీటీ మీద ఉన్నాయో లేదో చూసుకోవాలి, నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి.

చర్మపు రంగు విషయంలో ఒక లోటు మిగిలే ఉంది. ఛామనఛాయ, నలుపు చర్మాల్లో మంగు మచ్చలకు, మొటిమల తర్వాతి నల్లమచ్చలకు అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుతురు కూడా కారణమవుతుంది. దాన్ని అడ్డుకోవాలంటే ఐరన్ ఆక్సైడ్లు కలిపిన రంగు సన్‌స్క్రీన్ కావాలి. కొరియా సన్‌స్క్రీన్ గొప్పదనమంతా రాసినట్లు కనబడకపోవడంలో ఉంది కాబట్టి వాటిలో చాలావాటికి ఆ రంగు ఉండదు. స్పాంజిలో నింపి అమ్మే రంగున్న కుషన్ ఫౌండేషన్లేమో చాలాకాలం లేత ఛాయలకే పరిమితమయ్యాయి. టర్‌టర్ అనే కంపెనీ విమర్శల తర్వాత 2024లో తన కుషన్ ఛాయలను 30కి పెంచడం వార్త అయిందంటేనే అంతకుముందు పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. మంగు మచ్చలున్నవారు కొరియా టోనర్‌నూ మాయిశ్చరైజర్‌నూ నిశ్చింతగా వాడుకుంటూ, సన్‌స్క్రీన్ ఒక్కటి మాత్రం చర్మవైద్యులు రాసే దేశీయ రంగు రకాన్ని ఎంచుకోవడం ప్రస్తుతానికి మేలైన దారి.